డబ్బా వాసన

అల్లిపురం బేకరీలో
రాత్రి పదకొండుకి మొదటి వాయి బన్నులు దించేసరికి
షట్టరు కింద రెండు చెప్పులు కనిపించాయి.
"ఎవడో చూడరా పైడిరాజూ" అన్నాడు ఓనరు, నిద్రలోంచే.

లొరేన్ గారు.
రేవులో క్రేన్ల జబ్బులు చూడ్డానికొచ్చిన ఇంజనీరు.
చేతిలో స్టీలు పళ్లెం, పైన తడిగుడ్డ.

ఆవిడ సంచి సంగతి మా వీధంతా ఎరుగును.
అనకాపల్లి బెల్లం దంచి, జల్లించి
ఇదే మా బ్రౌన్ షుగర్ అంటుంది.
పూర్ణా మార్కెట్లో మొక్కజొన్న నూక రెండు కిలోలు తూయించుకుంటే
"తల్లీ, ఇది కోళ్లకి" అని మూడుసార్లు చెప్పాడట కొట్టాయన.
వానల్లో రైతుబజారుకెళ్లి వాక్కాయలు కొని
ఫ్రీజర్లో దాచింది, నవంబరు కోసం.
ఎరుపు సరిపోయిందట, పులుపూ సరిపోయిందట,
ఆ జిగురే ఎక్కడిదో అర్థం కాలేదట.

పళ్లెంలో మైదా అంచు, మధ్యన గుమ్మడి గుజ్జు.
గుడ్లు, పాలు, దాల్చినచెక్క, కాస్త శొంఠి.
"మీ పొయ్యి పెద్దది. నాది టోస్టుకే చాలదు."
చెయ్యి పెట్టి వేడి చూశాను.
మా పొయ్యికి ముల్లు విరిగి ఏడేళ్లు.

తీపిగుమ్మడంటే నాకు దప్పళంలో ముక్క,
మెత్తగా ఉడికి, పులుసు పీల్చుకుని, కంచం అంచున.
దాన్నిలా జున్నులా తోడుపెట్టిన వాళ్లని
అదే చూడ్డం.

ముప్పావుగంట.
అల్పపీడనం గాలికి బయట ఫ్లెక్సీలు టపటపా కొట్టుకున్నాయి.
ఆవిడ మైదా బస్తా మీద కూచుని
ప్యాంటంతా తెల్లగా చేసుకుంది.

చల్లారనివ్వకుండానే కోసింది.
"బాగుందండీ" అన్నాను నోరు కాల్చుకుంటూ.
"బాగుంది" అంది. "అదే వచ్చిన చిక్కు."

వాళ్లమ్మ ఏనాడూ గుమ్మడికాయ కొయ్యలేదట.
ఫ్యాక్టరీ షిఫ్టు దిగి, కోటైనా విప్పకుండా
డబ్బా తెరిచి బోర్లించేదట.
రేకు మీది గీతలన్నీ ఒంటినేసుకుని
గుజ్జు గుండ్రంగా జారిపడేదట.
"ఆ రేకు వాసన రాలేదు దీనికి."

నవ్వబోయి ఆగాను.

నేనూ మనామాలో మూడేళ్లు రొట్టెలు కాల్చినవాణ్ణే.
ఎండునెత్తళ్లు దొరక్క
డబ్బా చేపలు కొని, నూనె పిండేసి,
పెనం మీద నల్లగా మాడ్చాను.
వాసనైతే వచ్చింది. రేకుదే.
గదిలో నలుగురం, పెదజాలారిపేట వాళ్లం,
ఎవరి ముద్ద వాళ్లం మింగాం.
ఒక్కడూ బాగోలేదనలేదు.
మర్నాడు మిగిలింది పిల్లులకేస్తే
అవీ ఆలోచించి తిన్నాయి.

సిరిపురంలో ఒక షాపులో ఉందట ఆ గుమ్మడి డబ్బా.
ఎనిమిది వందల యాభై. గడువు దాటి మూడు నెలలు.
చేతిలో పట్టుకుని, దుమ్ము తుడిచి,
మళ్లీ అరలో పెట్టేసి వచ్చిందట.

ఆ రాత్రి గిన్నెలో కాస్త గుజ్జు మిగిలింది.
కేకుల కోసం తెరిచిన పాల డబ్బా ఒకటి
కడిగి బోర్లించి ఉంది.
ఎందుకు చేశానో నాకే తెలీదు.
అందులో పోసి, మూత లేక కవరు కట్టి
ఫ్రిజ్‌లో క్రీము వెనకాల తోసేశాను.

మర్నాడు బిస్కట్ల అచ్చులో కాల్చి ఇచ్చాను.
ఏమీ చెప్పలేదు.
నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది.
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి
మధ్యన ఆవగింజంత చోటు చూపించింది.
"ఇంత."

మిగతా ముక్క నేను తిన్నాను.
ఆవిడకి ఒహాయో ఇంత వచ్చిందేమో గానీ
నాకు మాత్రం
మనామా గది మొత్తం వచ్చేసింది,
నాలుగు మంచాలు, ఆరేసిన లుంగీలు, పిల్లులతో సహా.

"మీ ఎండుచేపలు ఎక్కడ దొరుకుతాయి?" అంది.
"అదేం భాగ్యమండీ, తెల్లారగట్ట ఒడ్డుకి రండి.
ముక్కే తీసుకెళ్తుంది."

మాటల్లో రెండో వాయి అడుగు మాడింది.
ఆ వాసనకి ఓనరు లేచాడు.