ముప్ఫై ఒకటో పేజీ

నగరపాలక సంస్థ అచ్చేసిన పుస్తకానికి నీలం అట్ట.
ఎనభై నాలుగు పేజీలు.
లోపల మా గ్లాస్గో పటం, దాని నిండా ఎర్రచుక్కలు,
తట్టు పోసిన పిల్లాడి వీపులా.
ప్రతి వార్డుకీ ఒక ప్రతి ఇచ్చారు.
మా వార్డులో అది
కుంటే మందుల బల్ల కాలి కింద ఉంది.
శుక్రవారం రాత్రుళ్లు చదివే తీరిక ఎవరికుంటుంది?

రాసినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు.
వాళ్లు రాసింది మాత్రం
మనిషి రూపంలో రాత్రి తొమ్మిదికి డ్యూటీకొస్తుంది.
పేరు ఫెర్గస్ మకిల్‌రాయ్.
వంకాయ రంగు స్వెటర్.
ఈ ఊళ్లో ఆకుపచ్చకీ జట్టుంది, నీలానికీ జట్టుంది,
వంకాయ రంగు కోసం ఎవరూ ఎవర్నీ పొడుచుకోరు.
ఎడమ చెవి నుంచి పెదవి దాకా ఒక పాత గీత,
గడ్డం అక్కడ మొలవదు.
ఆ గీత ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పడు.
తాను ఎవరికి గీశాడో మాత్రం
అడక్కుండానే చెబుతాడు.

ఆ రాత్రి కీరన్ గిల్‌హూలీ వచ్చాడు. పదహారేళ్లు.
తొడ మీద పద్నాలుగు కుట్లు, నేనే లెక్కపెట్టాను.
వాడు రైలు వంతెనకి ఇవతలివాడు,
పొడిచినవాడు అవతలివాడు.
రెండు వైపులా ఒకటే వాన,
ఒకటే చేపల వేపుడు దుకాణం.
ఆ దుకాణానికి ఎవరు ఏ రోజు వెళ్లాలో
వాళ్ల తాతల నాడే తేలిపోయిందట.

తలగడ కింద ఫోను
సీసాలో పడ్డ తుమ్మెదలా కొట్టుకుంటోంది.
ఎవడు? పేరు చెప్పు.
పేరొక్కటి చెప్పు చాలు. కారు బయటే ఉంది.

ఫెర్గస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.
నీతులేం చెప్పలేదు.
"రొట్టె కాల్చి తెమ్మంటావా?"
"వెన్న ఎక్కువ వెయ్," అన్నాడు వాడు,
అంత నొప్పిలోనూ.

ఫోన్లో రెండు శాతం.
"చార్జర్ ఉందా నీ దగ్గర?"
"లేదురా."

నేను సెలైన్ సీసా మారుస్తున్నాను.
వంకాయ రంగు జేబులోంచి
తెల్లటి తీగ కొస
ఎలుక తోకలా వేలాడుతోంది.
నేను చూశాను.
నేను చూడటం ఫెర్గస్ చూశాడు.
తెర లాగేసి పక్క మంచానికి వెళ్లిపోయాను.

ఫోను కన్ను మూసింది.
వాడు కాసేపు తిట్టాడు,
ఆసుపత్రినీ, నన్నూ, పుట్టించిన దేవుణ్ణీ.
కాసేపు ఏడ్చాడు.
నోట్లో రొట్టె ముక్క ఉండగానే నిద్రపోయాడు.
కారు రెండు గంటలు చూసి వెళ్లిపోయిందని
గేటు దగ్గర మనిషి వచ్చి చెప్పాడు.

వేకువన బల్ల కింద నుంచి పుస్తకం లాగాను,
మందు సీసాలన్నీ గలగలమన్నాయి.
ముప్ఫై ఒకటో పేజీ:
"పిల్లలతో ఎన్నడూ అబద్ధమాడరాదు.
మన చేతిలో ఉన్న పనిముట్టు నమ్మకమొక్కటే."
పైకే చదివాను.
ఫెర్గస్ సగం నవ్వాడు, గీత ఉన్న వైపు నవ్వదు.
"ఎవరు రాశారో గానీ నిజమే రాశారు," అన్నాడు.
"లేచాక చెప్పేస్తాను."

ఏడింటికి తీగ తీసి దుప్పటి మీద పెట్టాడు.
"ఇది రాత్రి కూడా ఉంది."

కీరన్ తీగని చూశాడు, మనిషిని చూశాడు.
ఆ చూపుకి వేసే కుట్లు నాకు నేర్పలేదు.
మాట్లాడకుండా గోడకి పెట్టుకున్నాడు.
ఫోను లేచింది.
నలభై ఒక్క సందేశాలు.
వాడి బొటనవేలు తెర మీద, తాకకుండా,
ఎంతసేపు ఆగిందో.

లిఫ్టులో వాళ్లమ్మ పైకి వస్తోందన్నారు.
నా డ్యూటీ అయిపోయింది.
ఆ పేజీ మడిచి
పుస్తకాన్ని మళ్లీ బల్ల కింద దోపాను.

మడత లావుకి
బల్ల ఇప్పుడు రెండో వైపు కుంటుతోంది.