ఎనభై ఏడు-ఏ

రణస్థలంలో, హైవే పక్కన,
పంక్చర్ షాపుకీ టీ బండికీ నడుమ నా రేకుల షెడ్డు.
నిన్న మధ్యాహ్నం గౌరీసు వ్యాను తెచ్చి నిలబెట్టి
తాళం తియ్యకుండానే అన్నాడు:
"బావూ, ఈ పగటి లైట్లు ఆరవేటి?
ఇంజినాడితే చాలు, ఎలుగుతానే ఉంటాయి."

ఆరవు. కంపెనీవాడు వాటికి స్విచ్చి పెట్టలేదు.
ఎదురొచ్చే లారీకి నువ్వు కనబడాలని పెట్టినవి,
పీకమంటే పీకనన్నాను.

"పీకొద్దు. హేండుబ్రేకు లాగితే ఆరాల.
దించితే ఎలగాల. అంతే."

ఎందుకని అడగలేదు.
ఈ పనిలో ఎందుకని అడిగితే కథ వస్తుంది,
ఎక్కడని అడిగితే వైరు దొరుకుతుంది.

రిలే అంటే ఎంత, అగ్గిపెట్టెలో సగం. అయిదు కాళ్ళు.
డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని
లైట్ల వైరు తెంపి
వచ్చే కొస ముప్ఫైకి, పోయే కొస ఎనభై ఏడుకి.
తాళం తిప్పితే వచ్చే కరెంటు ఎనభై ఆరుకి,
ఎనభై అయిదు బ్రేకు స్విచ్చికి.

తిరగబడింది. లాగితే వెలిగాయి, దించితే ఆరాయి.
గౌరీసు పడీ పడీ నవ్వాడు:
"ఇలగైతే రోడ్డు మీద నానే ఆరిపోతాను బావూ."
కళ్ళజోడు ఇంట్లో వదిలిన పాపం.
నాకు కావలసింది దాని పక్క కాలు, ఎనభై ఏడు-ఏ.
ఎవరూ ఏమీ చెప్పనంతసేపూ అంటుకునే ఉంటుంది,
చెప్పగానే వదిలేస్తుంది.
వైరు మార్చి, ఖాళీ కాలికి టేపు చుట్టాను.

టీ తాగుతూ తనే చెప్పాడు.
పైడిభీమవరం మాత్రల కంపెనీ షిఫ్టు బండి అది.
నాలుగున్నరకి లావేరు అవతల ఒక సందులో
హైమావతి ఎక్కుతుంది.
"అరుగు మీదే నులకమంచం. గుంటకి మూడేళ్ళు.
ఇంజిను మోతకి లెగదు, అలవాటైపోనాది.
ఎలుగు మొకం మీద పడితే లెగుస్తది.
లెగిసిందా, తల్లి కొంగు ఒగ్గదు.
మొన్న పదకొండు నిమిషాలు!
బండిలో పన్నెండు మందికీ గేటు కాడ సగం జీతం కోత."

ఇంజిను ఆపెయ్యొచ్చుగా?
"సెల్ఫులో పస లేదు. ఆపితే తొయ్యాల.
ఎవులు తోస్తారు, ఆ ఆడోళ్ళా?"
సందు మొగలో ఆపు మరి.
"కుక్కలు."

బ్రేకు దించితే మళ్ళీ వెలుగుతాయి కదా,
అప్పుడు లేస్తే?
గ్లాసులోకి చూస్తూ అన్నాడు:
"అప్పటికి తల్లి ఎక్కేసుంటది."

పలాసలో మా అమ్మ జీడి బట్టీకి పోయేది.
తెల్లారకట్ట లాంతరు వత్తి దించేది,
పూర్తిగా కాదు, తన చెప్పులు తనకి కనబడేటంత.
జీడిసొనకి నల్లబడ్డ వేళ్ళు ఆ మర తిప్పుతుంటే
కిర్రుమని ఒక చిన్న చప్పుడు.
నేను మేలుకునే ఉండేవాణ్ణి.
కళ్ళు గట్టిగా మూస్తే దొరికిపోతానని
వదులుగా మూసుకునేవాణ్ణి.
ఇది గౌరీసుకి చెప్పలేదు.

కాయిల్ మీద అడ్డంగా ఒక డయోడు అతికాను.
దాని డబ్బులు లెక్కలో వెయ్యలేదు.

షట్టరు సగం దించి చీకటి చేశాం.
లాగాడు. టిక్. గోడ మీద రెండు తెల్లగీతలు పోయాయి.
దించాడు. టిక్. వచ్చాయి.
ఎనిమిదిసార్లు ఆడించాడు. చాలు, అరిగిపోతుందన్నాను.
"ఈ టిక్కు గుంటకి ఇనబడదు కదా?"
పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి రిలేకి చుట్టాను.

ఈ తెల్లవారుజామున నాకూ మెలకువ వచ్చింది.
లావేరు నుంచి ఏ చప్పుడూ ఇక్కడికి రాదు.
ఇప్పుడు లాగుతాడు బ్రేకు.
అరుగు మీది చీకటి ఉన్నచోటే ఉంటుంది.
చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె ఎక్కుతుంది.

పిల్ల కళ్ళు
గట్టిగా మూసుకుందో వదులుగా మూసుకుందో
అది నా వైరింగులో లేదు.