ముందుగా ఆవిరి ఆరిన చోటు

ఎల్ ఆల్తోలో గురువారం సంత.
నాలుగు వేల మీటర్ల ఎత్తున, తెల్లారగట్ల
టంకం కడ్డీ కూడా వేడెక్కడానికి బద్ధకిస్తుంది.
నీలి టార్పాలిన్ కింద, రేకుల కొట్లో
డోన్యా నియెవెస్ కలిసాయా
ఉన్ని తొడుగులకి వేళ్ళు కత్తిరించుకుని కూర్చుంది.
ఆమె పేరుకి వాళ్ళ భాషలో మంచు అని అర్థం.
నేను ఆమె దగ్గర పనికి చేరి అప్పటికి తొమ్మిది రోజులు.

మినీబస్సు నడిపే హెర్మోహెనెస్
ఫోను బల్ల మీద పెట్టాడు, శవాన్ని దించినట్టు.
"మూడు కొట్లు తిరిగాను. పవర్ ఐసీ పోయిందన్నారు ముగ్గురూ.
ఒక్కడూ విప్పి చూడలేదు."
"తడిసిందా?"
"లేదు. ఒట్టు."

స్క్రూలతో పాటు ఆ ఒట్టును కూడా
అయస్కాంతం మీద పక్కన పెట్టింది ఆమె.

పవర్ ఐసీ అంటే ఏమిటని అడిగాను.
"మా కొండ కింద కాలువకి నీరటి ఒకడుంటాడు.
చెరువూ వాడిది కాదు, చేనూ వాడిది కాదు.
ఎవరి వంతు ఎంత, ఎవరిది ముందు, ఎవరిది వెనక
అది మాత్రం వాడి చేతిలో పని.
బ్యాటరీకేం తెలుసు, నాలుగు వోల్టులు పోసి ఊరుకుంటుంది.
ప్రాసెసరుకి ఒకటికి లోపు, మెమరీకి ఒకటీ చిల్లర,
కెమెరాకి దాదాపు మూడు.
పంచేది వాడు.
అందుకే ఎవరి చేను ఎండినా ముందు వాడినే తంతారు."

సప్లై తీగలు తగిలించింది. సూది కదల్లేదు.
పెద్ద దారి బాగానే ఉందన్నమాట.
బటన్ నొక్కింది.
సూది లేచింది, పడింది. లేచింది, పడింది.
అప్పు అడగడానికి గుమ్మం దాకా వచ్చి
తిరిగిపోయేవాడిలా.

ఇక మల్టీమీటరు.
చిప్పు చుట్టూ బూడిదరంగు కాయిల్స్, ఒక్కొక్కటే తడుముతూ
నాలుగు వందల ముప్పై.
ఐదు వందల పన్నెండు.
మూడు వందల అరవై.
ఐదో దాని మీద కీచుమంది.
సున్నా.

చిప్పే అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.
ఆమె నా వైపు కూడా చూడలేదు.
ఆ గీత మీదకి వోల్టుకి కాస్త తక్కువగా కరెంటు వదిలి
వంగి, నోరు తెరిచి
బోర్డు మీద ఊపిరి విడిచింది, హా అని.
ఆ చలికి బోర్డంతా పాలమీగడలా ఆవిరి పట్టింది.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
అంతటా తెలుపే,
చిప్పు ఎడమ మూల
చీమ కన్నంత చోటు మాత్రం
నల్లగా, ముందుగా ఆరిపోయింది.

అప్పటికీ ఒప్పుకోలేదామె.
కాయిల్‌ని ఊడదీసి పక్కన పెట్టి
రెండు గట్లనూ విడివిడిగా కొలిచింది.
ప్రాసెసరు వైపు నిశ్శబ్దం.
చిప్పు వైపు కీచు.

"అయితే ఆ ముగ్గురూ చెప్పింది నిజమేగా?" అన్నాను.
"వాళ్ళు చూసింది ఫోన్ని కాదు, జేబుని."

వేడి గాలికి చిప్పు తేలింది, పట్టకారు పైకెత్తింది.
మైక్రోస్కోపు కింద, ఎడమ మూల బంతుల వరసలో
పచ్చగా, చిలుము.
డోన్యా నియెవెస్ లేచి, అద్దాలు హెర్మోహెనెస్‌కి వదిలింది.
చాలాసేపు చూశాడు.
"కార్నివాల్ నాడు," అన్నాడు చివరికి, "ఎవరో బకెట్టుతో..."

చచ్చిన బోర్డుల డబ్బాలోంచి మరో చిప్పు వచ్చింది.
కొత్త బంతులు, కొత్త కాలు మోపడం.
ఈసారి బటన్ నొక్కితే సూది
ఎనభై, రెండు వందలు, కాస్త జారి, నూట నలభై,
మెట్లెక్కే ముసలామెలా ఆగి ఆగి ఎక్కింది.
తెర వెలిగిందని నేనరిచాను.
ఆమె ఇంకా సూదినే చూస్తోంది.

రసీదు రాస్తుంటే అతను గొంతు తగ్గించాడు:
"కారణం అన్నచోట ఇంకేమైనా రాయవా?
ఫోను మా బావమరిదిది."

ఆమె "నీళ్ళు" అని రాసింది.
సిరా ఆరాలని
కాగితం మీద మెల్లగా ఊదింది.