పొగ లేని ఇల్లు

ప్రకటనలో మూడే ముక్కలు:
ఆంప్లిఫయరు, జత స్పీకర్లు, నూట నలభై పౌన్లు.
కింద, ప్రమాణం చేసినట్టు,
"పొగ తాగని ఇల్లు. పెంపుడు జంతువులు లేవు."

ఆ శనివారం హల్‌లో వాన అడ్డంగా కురుస్తోంది.
హెస్సిల్ రోడ్డు వెనక,
ఒకప్పుడు చేపల ఓడలవాళ్లుండే సందులో
తలుపు తీసింది డోరీన్.
పాత సరుకు కొనేవాణ్ణి, ముందు ముక్కుతో చూస్తాను.
లావెండరు. కొత్త రంగు. ఉడికిన కాబేజీ.
వాటన్నిటి కిందా ఇంకేదో.
"మా ఇంట్లో ఒక్క సిగరెట్టు వెలగలేదు నాయనా" అందామె.
కుర్చీలో క్లైవ్
తన ఇంటిచెప్పులకేసి చూసుకున్నాడు.

ఇత్తడి వాయిద్యాల రికార్డొకటి పెట్టి వినిపించారు.
రెండు పెట్టెలూ పలికాయి,
ఎడమది కాస్త పెద్దరికంగా.
బేరమాడలేదు. ఆడాల్సింది.

రెండో స్పీకరు కారు దాకా మోసుకొచ్చి
క్లైవ్ వానలోనే నిలబడి, గొంతు తగ్గించి,
"మూత తీసి వారం రోజులు గరాజులో ఉంచు" అన్నాడు.
అంతే. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి మరలు విప్పాను, ఎనిమిది.
లోపలంతా పలచటి బెల్లం పాకం.
దూదిపుల్ల స్పిరిట్లో ముంచి తుడిస్తే
ఒక్కోటీ డికాషన్ రంగు తేలింది.
ముప్పై ఏళ్ల అర్ధరాత్రులు,
ఆమె పైన నిద్రపోతూంటే
కిటికీ జానెడు తెరిచి,
శబ్దం చీమ నడకంతకి తగ్గించి,
ఆయన వదిలిన పొగంతా
గోడల మీద రంగు కింద దాక్కుంది గానీ
ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ దాక్కోలేకపోయింది.
ఆమెకి తెలియదనుకోను,
ఆ గోడలకి అన్నిసార్లు రంగు వేయించిన మనిషికి.

గాలిరంధ్రాల అడుగున
కొర్రగింజల పొట్టు, దోసెడు.
గోరంత పచ్చ ఈక.
పెంపుడు జంతువులు లేవు. నిజమే, ఇప్పుడు లేవు.
బ్యాలెన్స్ మీట పది గంటల దగ్గర
ఎందుకు బిగుసుకుపోయిందో అప్పుడనిపించింది:
కుడివైపు పంజరం ఉండేదేమో,
పిట్ట ఉలిక్కిపడకూడదని
ఇంటిల్లిపాదీ ఎడమ చెవితో విన్నారేమో.

హైమ మెట్ల మీంచి ముక్కు మూసుకుని అరిచింది:
"ఎవరి కొంప వాసన ఇది?"

నాలుగేళ్లయింది.
ఇప్పుడు నేనే అమ్ముతున్నాను.
నిహిరకి పియానో కావాలిట, గదిలో చోటు ఒక్కదానికే.
ఫోటోలు తీశాను, ధర వేశాను.
కుడి స్పీకరు గుండె మీద సొట్ట
రెండేళ్లప్పటి నిహిర చూపుడువేలు.
టేపు అంటించి లాగితే పైకొచ్చేస్తుంది.
లాగలేదు. పది పౌన్లు తగ్గించాను.
ఇంటి సంగతి రాయాల్సిన చోట ఆగాను.

పొగ తాగం. ఒట్టు.
మరి స్పీకరు నెత్తిన కూచున్న వినాయకుడికి
రోజూ ఒక అగరొత్తి, శుక్రవారం సాంబ్రాణి,
అది పొగ కాదా?
వంటగదికీ దీనికీ మధ్య తలుపు లేదు.
నాలుగేళ్ల ఇంగువ, ఎండుమిరప తాలింపు
ఏ కెపాసిటరు మీద ఏ పొరై పేరుకుందో!
మరలు విప్పి చూడొచ్చు.
స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది, చెయ్యి రాలేదు.

మన వాసన మనకి తెలీదు కదా అని
పక్కింటి బెరిల్‌ని పిలిచాను.
ఆవిడ వంగి, కళ్లు మూసుకుని,
చాలాసేపు పీల్చి,
"ఆకలేస్తోంది" అంది.
అది రాయొచ్చో లేదో.

బ్యాలెన్స్ మీట ఇంకా పది దగ్గరే ఉంది.
కొనేవాళ్లు అడిగితే
పిట్ట సంగతి చెప్తాను.
క్లైవ్ సంగతి చెప్పను.