గింజ లేని ఈల

వైదోటస్ నా చేతిలో పెట్టిన ఈలలో గింజ లేదు.
"తడిస్తే గింజ ఇరుక్కుంటుంది,
సరిగ్గా కావలసినప్పుడే గొంతు పెగలదు.
దీనికి నీ ఊపిరి ఒక్కటి చాలు" అన్నాడు.
ముప్పయ్యేళ్ళు కోర్టు మీద పరిగెత్తిన మోకాళ్ళు ఆయనవి,
మెట్లు దిగుతుంటే ఎండు పుల్లల్లా చిటపటలాడతాయి.

నాకు నలభై ఒకటి.
రోకిష్కిస్ బజారులో పొగబెట్టిన చేపలు తూచి అమ్ముతాను.
రాత్రి వంటింట్లో చీకటి కిటికీయే నా అద్దం.
అరచెయ్యి తెరిస్తే గడియారం ఆగాలి,
పిడికిలి బిగిస్తే ఫౌల్.
"ఏడో నంబరు, చేతి మీద దెబ్బ" అని
బయట కురిసే మంచుకి తీర్పు చెప్పేదాన్ని.
ఎదురింటి ముసలాయన ఒకసారి తిరిగి చెయ్యి ఊపాడు,
పలకరిస్తున్నాననుకుని.

మొదటి ఆట పదేళ్ళ పిల్లలది.
పళ్ళ మధ్య ఈల, దాని వెనకే గుండె.
బంతి ఎటు పోతే నా కళ్ళూ అటే,
దాని తోక పట్టుకుని కోర్టంతా తిరిగాను.
ఊదాను.
ఊదాక ఆలోచించాను, ఎందుకు ఊదానా అని.
పదిమంది పిల్లలు ఒక్కసారి నా వైపు తిరిగారు,
చెయ్యి ఒక వైపు చూపించింది,
నోరు రెండో జట్టు రంగు పలికింది.
బెంచీల మీంచి ఎర్ర ఉన్నిటోపీ ఒకటి లేచింది:
"కళ్ళు కొట్లోనే మర్చిపోయి వచ్చావా!"
గ్రజ్వీదా.
ప్రతి శుక్రవారం నా దగ్గరే చేప కొంటుంది.

ఆట అయ్యాక వైదోటస్ ఇచ్చిన కాగితం ఇంకా నా కోటు జేబులో ఉంది:
బంతిని చూడకు, బంతి తప్పు చెయ్యదు.
కాపు కాసేవాడి పాదాలు చూడు.
ఇద్దరి మధ్య సందు కనబడే చోట నిలబడు,
కనబడకపోతే అడుగు జరుగు, ఊహించకు.
ఇటు తప్పు ఇచ్చానని అటు ఇంకోటి ఇవ్వకు,
అప్పుడు ఒప్పు కాదు, తప్పులు రెండవుతాయి.
చివరన, కాస్త ఆలోచించి రాసినట్టు:
బూట్ల లేసులు బాగా కట్టావు.

ఆ చలికాలమంతా శనివారాలు మూడేసి ఆటలు.
చెయ్యి తగలడం వేరు, దారి మూయడం వేరు.
ఆ తేడా తేలడానికి సగం ఊపిరి ఆగాలి.
ఆ సగం ఊపిరి కూడబెట్టడానికి
నాకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టింది.
మధ్యలో రెండుసార్లు ఈల డ్రాయర్లో పడేశాను,
చెంచాల కింద.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, నాలుగు సెకన్లు మిగిలాయి.
ఒక్క పాయింటు వెనకబడిన జట్టులో ఎయ్మాంటస్,
గ్రజ్వీదా కొడుకు, బుట్ట కిందికి దూసుకొచ్చాడు, పడ్డాడు.
హాలు మొత్తం లేచి నిలబడింది.
నేను చివరి గీత మీద ఉన్నాను.
వాడికీ అడ్డొచ్చినవాడికీ మధ్య అరచేతి మందం సందు.
అందులోంచి అవతలి గోడ ఆకుపచ్చ రంగు కనిపించింది.
ఊదలేదు.
బజర్ మోగింది.

వాడు ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.
"నన్ను తోశాడు కదా?"
"లేదు. చూశాను."
అంత చిన్న వాక్యం వణక్కుండా చెప్పడం అదే మొదలు.
"రెండో క్వార్టర్లో మాత్రం నీ అడుగులు తప్పు లెక్కపెట్టాను.
అది నాదే పొరపాటు."
వాడికి ఏం చెయ్యాలో తోచక తల ఊపాడు.

శుక్రవారం. ఎర్రటోపీ.
నా మొహం చూడకుండా అరకిలో చేప అడిగింది.
కాటా అంకెలు ఆమె వైపు తిప్పాను.
వంగి, చాలాసేపు చూసింది.
చిల్లర ఒక్కొక్క నాణెం లెక్కపెట్టుకుంది.
"రేపు ఆట ఎన్నింటికి?"
"పదకొండుకి. కానీ రేపు నేను కాదు, పానెవెజిస్ నుంచి ఒకతను వస్తాడు."
ఆమె సంచీ ముడి బిగించింది.
"వాడా? వాడికి అసలు కళ్ళే లేవు" అంది.