రుమాలు వేసిన సీట్లు

రాత్రి ఒంటిగంట నలభై.
వాల్తేరు మెరక మీద
కిటికీ లేని గదిలో
నలభై ఎనిమిది యంత్రాలు ఒకే ఊపిరి తీస్తున్నాయి.
ఏసీ కింద పెట్టిన పెయింటు బకెట్టులో
చుక్క, చుక్క.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన తలుపు బందులు
తెరిచినప్పుడల్లా నన్ను తిడతాయి.

నాది వంట కాదు, వడ్డన.
ఒకే బంతిలో
రొయ్యల చెరువుల లెక్కలవాళ్ళు,
ఉక్కు కరిగే వేడిని కొలిచేవాళ్ళు,
ఏ రోగానికో మందని
అణువుల్ని తిప్పి తిప్పి చూసేవాళ్ళు.
ఎవరి విస్తరి ముందో ఎవరిది తర్వాతో
తెరమీద రెండు అక్షరాలు చెబుతాయి:
ఆర్ అంటే నడుస్తోంది,
పీ అంటే పడిగాపులు.

మైలపల్లి నూకరత్నం, పీ.
భీమిలి వైపు అల
ఎంతదాకా ఇసుక తింటుందో చెప్పే లెక్క.
పన్నెండు నిమిషాల పని,
నాలుగు రోజులుగా అక్కడే.
మొన్న ఎదురుపడితే నవ్వింది:
"మా అమ్మ ఐసు కోసం
హార్బర్లో మూడింటికే నిలబడతాది సార్.
లైను నాకు కొత్తా?"
ఫిర్యాదు చేసినా ఇంత బరువుండేది కాదు.

అందుకే ఇవాళ లోపలికి తొంగిచూశాను.
పదహారు యంత్రాలు ఒకే పేరున.
ఒకటి చెమటలు కక్కుతోంది.
పదిహేను ఊరికే కూర్చున్నాయి,
కాంప్లెక్సులో పాలకొండ బస్సు ఆగీ ఆగకముందే
కిటికీలోంచి విసిరిన రుమాళ్ళలా.
మనిషి లేడు, సీటు మాత్రం అతనిదే.

ఫోను చేశాను. హేమసుందరం, నిద్రగొంతు:
"తర్వాత కావాలేమోనని సార్...
తీరా అప్పుడు దొరక్కపోతే?"
తిడదామనుకున్నాను.
హుద్‌హుద్ వెళ్ళి ఇన్నేళ్ళయినా
మా ఇంట్లో ఆరు బిందెలు
నింపే ఉంటాయి.
"ఆపేయండి సార్, పొద్దున్న చిన్నది వేసుకుంటా."

ఆపడం ఒక్క మాట.
మాట తర్వాత ఏడంకెలు.
నిరుడు ఏడో అంకె తప్పు నొక్కాను.
థీసిస్ గడువు వారంలో ఉన్న ఫరీదా,
ఆమె తొమ్మిది రోజుల లెక్క
చప్పుడు చెయ్యకుండా పోయింది.
ఆమె ఏడవలేదు.
గోటితో కుర్చీ చేతిని గీరుతూ కూర్చుంది.
ఆ కుర్చీలోనే ఉన్నాను ఇప్పుడు.

వాచ్‌మన్ సింహాద్రప్పడిని పిలుస్తాను.
అతని చదువు అంకెల వరకే, అదే కావాలి నాకు.
కళ్ళజోడు నుదుటికి తోసి
తెరకి ముక్కు ఆనించి
గట్టిగా:
"నాలుగు... సున్న... ఎనిమిది...
ఏటి బాబూ, ఇది ఒకటా, ఏడా?"
ఒకటి.
"మరైతే ఒకటే. నొక్కీండి."

నొక్కాను.
వరుస కదిలింది.
ఫ్లాస్కు మూత తిప్పేలోపు
నూకరత్నం పక్కన ఆర్.

పన్నెండు నిమిషాలు కాపలా కాయడం నా పని కాదు.
కాశాను.
పదకొండో నిమిషంలో ఆగిపోయింది.
ఫలితం రాసుకోవాల్సిన ఫైలు పేరులో
ఒక చుక్క తక్కువ.

నేను పెట్టొచ్చు ఆ చుక్క.
వడ్డించేవాడు కూరలో ఉప్పు వెయ్యకూడదు.

మూడు దాటాక మెసేజీ:
"చూశాను సార్. సరిచేసి మళ్ళీ వేశాను."
ఆ వేళప్పుడు ఎందుకు మేలుకుందో అడగలేదు.
వరుస చివర, ముప్ఫై ఒకటో పేరు.
పీ.

బకెట్టు పారబోసి వచ్చి
సింహాద్రప్పడు తలుపు దగ్గర నిలబడ్డాడు.
"ఇంకేటైనా సదవాలా బాబూ?"