కాలు మీద కాలు

ముప్పై ఒక్కేళ్ళుగా అందరి తలలూ చూశాను.
తెల్లబడే పాపిట, పలచబడే నడినెత్తి,
ఏడుస్తూ వచ్చి పొట్టిగా కత్తిరించెయ్యమన్న భార్యలు.
వెంట్రుక పట్టుకుంటే చాలు, తలలో ఏముందో చెబుతాను.
నా కాళ్ళ సంగతే
నేనెప్పుడూ అడగలేదు.

సాయంత్రానికి అరికాలి మంట నెత్తికెక్కేది.
తలలు కడిగే పిల్ల మైతే మీద ఊరికే అరిచేదాన్ని.
తువ్వాలు తడిగా ఉందని. తువ్వాలు తడిగా ఉండక ఏముంటుంది?

జనవరి ఎండల్లో ఓ రోజు
గౌను అంచు ఎత్తి చూపిస్తే
నర్సు యస్నా కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది.
ఎడమ పిక్క మీద నీలంగా, ఉబ్బుగా
మెలికలు తిరిగిన వీధి.
అచ్చం మా కొండ మీది వీధే.
వాల్పరాయిసోలో తిన్నగా పోయే దారులుండవు.

"నెత్తురు కిందికి దిగడం తేలిక, ఎదువీనా.
తిరిగి పైకెక్కడమే కష్టం.
దారిలో చిన్న చిన్న తలుపులుంటాయి,
ఎక్కింది జారిపోకుండా.
నీవి సరిగ్గా మూసుకోవడం లేదు."

ఆ ముక్క వెంటనే అర్థమైంది.
మా కొండకెక్కే లిఫ్టు చెడిపోయి ఆరేళ్ళు.
గ్యాస్ బండ భుజాన వేసుకుని
నూట అరవై రెండు మెట్లెక్కే కుర్రాడు
సగంలో ఆగి, గోడకానుకుని,
దేవుణ్ణీ మేయర్నీ కలిపి తిడతాడు.
నా నెత్తురూ అలాగే ఎక్కడో కూలబడి
నన్ను తిడుతోందన్నమాట.

చెప్పినవన్నీ చీటీ రాసి అద్దం మూల అంటించాను.
కదలకుండా నిలబడకు. రోజూ నడు.
మంచం దిగకముందే బిగుతు మేజోళ్ళు తొడుక్కో.
కాలు మీద కాలేసుకోకు.

ఆ చివరిదే మింగుడుపడలేదు.
ఎప్పటికైనా కత్తెర పక్కన పడేసి
కాలు మీద కాలేసుకుని కూర్చోవాలనేగా
ఇన్నాళ్ళూ నిలబడింది!

మేజోళ్ళంటారా,
బతికున్న పాముచేపకు చొక్కా తొడిగినట్టే.
మొదటిరోజు రెండోది ఎక్కేసరికి
పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

పిక్కలో రెండో గుండె ఉంటుందట,
అడుగు వేస్తేనే కొట్టుకునే గుండె.
దాన్ని నేను ఇన్నేళ్ళూ
కుర్చీ వెనకాల కట్టిపడేశాను.

ఇక కత్తిరిస్తూనే మొదలుపెట్టాను.
మడమలు పైకి, మునివేళ్ళ మీద ఒక్క క్షణం,
మెల్లగా కిందికి. మళ్ళీ.
ఒకప్పుడు ఆ లిఫ్టు నడిపిన దోన్ అన్సెల్మో
అద్దంలో నా తల లేస్తూ మునుగుతూ ఉండటం చూసి
"భూకంపం!" అని కేకపెట్టి
ఒక చెవి పక్క కత్తిరించిన జుట్టుతో, ఇంకో చెవి పక్క పాత జుట్టుతో
వీధిలోకి ఉరికాడు.
వెనకే రంగు పూసిన తలలతో ఇద్దరాడవాళ్ళు.
ఈ ఊళ్ళో ఆ మాటకు ఎవరూ ఆగి ఆలోచించరు.
వాళ్ళని పట్టుకురావడానికి
నలభై మెట్లు దిగాను, నలభై ఎక్కాను.
ఆ పూట నడక అలా తీరింది.

నరం పోలేదు. పోదని యస్నా ముందే చెప్పింది.
ఆ వీధి అక్కడే ఉంది, అవే మలుపులతో.
కాకపోతే బరువు దిగింది.
అర్ధరాత్రి పిక్క పట్టేసి లేపడం లేదు.
మైతే కూడా ఈ మధ్య పాడుకుంటోంది.

రాత్రి దుకాణం మూశాక
నేల మీద వెల్లకిలా పడుకుని
రెండు కాళ్ళూ గోడకు నిలబెడతాను.
కుర్చీ కింద చీపురుకందని వెంట్రుకలు కనిపిస్తాయి,
ఎవరివో, ఏ నెలవో.
రేవులో ఓడ కూస్తుంది.
ఖాళీ బండతో మెట్లు దిగే కుర్రాడిలా
ఈల వేసుకుంటూ నెత్తురు దిగొస్తుంది.

నిన్న, ఎవరూ చూడటం లేదని,
గోడ మీదే, అంత పైనే,
కాలు మీద కాలేశాను.
ఒక్క నిమిషం.
యస్నాకు చెప్పకండి.